విన్న కథ, చెప్పిన కథ

హైదరాబాదు యూసుఫ్‌గూడలో ఒక పాత అపార్టుమెంటు, మూడో అంతస్తు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టిన పని దీపాలు పెట్టే వేళ దాటినా తెమల్లేదు. లఘుచిత్రాలు తీద్దామనుకుంటున్న కుర్రాళ్లు కొందరు కొత్త రచయితల్ని అరపేజీ కథలు పంపమన్నారు. 41 వచ్చాయి. వాటిలో ఆరింటిని ఎంచి 15 నిమిషాల స్క్రిప్టులుగా రాయిస్తారు. ఎంపికైనా కాకపోయినా ప్రతి ఒక్కరికీ నాలుగు వాక్యాల అభిప్రాయం పంపుతామని ముందే మాటిచ్చారు. ఆ రాసే పనిని ఇద్దరు నెత్తికెత్తుకున్నారు. ఒకరు 30 ఏళ్లు కో-డైరెక్టరుగా పనిచేసి, మద్రాసులోనూ హైదరాబాదులోనూ ఎన్నో కథా చర్చల్లో కూర్చున్న పెద్దాయన. మరొకరు ఆయన స్నేహితుడి కూతురు, కథా రచయిత్రి. కాగితాలు పూర్తికాకముందే ఇద్దరికీ వాదన మొదలైంది.

పెద్దాయన: నా వంతు ఇరవై అయిపోయాయమ్మా. నువ్వింకా నాలుగో కాగితం దగ్గరే ఉన్నావు.

రచయిత్రి: మీరు రాసినవి చూశాను బాబాయ్. ఒకదాని మీద "పాయింట్ లేదు". ఒకదాని మీద "పాత కథ". ఇంకోదాని మీద "ఎవరు చూస్తారు?". ఇది చదివిన పిల్లాడు రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలి?

పెద్దాయన: ఇంకో కథ రాసుకోవాలి. వాడి కాలం వాడికి మిగల్చడం కంటే కొత్తవాడికి మనం చేసే సాయం ఏముంది? నా సంగతి చెప్తా విను. ఇరవై ఆరేళ్ల వయసులో టి.నగర్‌లో ఒక నిర్మాతకి కథ చెప్పాను. మూడు గంటలు విన్నాడు. మధ్యలో రెండుసార్లు కాఫీ తెప్పించాడు. ఒకచోట కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆఖర్న భుజం మీద చెయ్యేసి, "చాలా బాగుందయ్యా, కబురు చేస్తాను" అన్నాడు. ఆ కబురు కోసం రెండేళ్లు మద్రాసులో నా గది వదల్లేదు. అమ్మకి ఒంట్లో బాగోలేదని ఊరి నుంచి ఉత్తరం వస్తే వెళ్లి, వారానికే తిరిగొచ్చేశాను. నేను లేనప్పుడు కబురు వస్తుందేమోనని భయం. ఆయనకి కథ నచ్చలేదు. నచ్చలేదని నోరు తెరిచి చెప్పడానికి మొహమాటం. నా రెండేళ్లు ఆ మొహమాటం కింద పోయాయి.

రచయిత్రి: మిమ్మల్ని దెబ్బతీసింది ఆయన మెత్తదనమని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం ఆయన ఆడిన అబద్ధం అనిపిస్తోంది. మెత్తగా నిజం చెప్పొచ్చు, కరుకుగా అబద్ధమూ చెప్పొచ్చు. నాకు ఎదురైంది కరుకుదనం. ఇరవై రెండేళ్లప్పుడు ఒక కథా శిబిరంలో నా కథ చదివాను. పేరున్న రచయిత ఒకాయన, "ఇది కథే కాదు" అని పక్కన పెట్టేశారు. నాలుగేళ్లు కలం పట్టలేదు. ఆయన మాటలో నిజం ఉండే ఉంటుంది. కానీ ఎక్కడిదాకా కథగా నడిచిందో, ఎక్కడ జారిపోయిందో చెప్పలేదు. జ్వరంతో వెళితే "నీకు ఒంట్లో బాగోలేదు" అని పంపించేసిన వైద్యుడిలా ఉంది ఆ తీర్పు. ఆ సంగతి తెలిసే కదా వెళ్లాను!

పెద్దాయన: సరే, మరి వైద్యమే చేద్దాం. నేను చూసే నాడి మూడు ప్రశ్నలు. ఎవరికి? ఏం కావాలి? అడ్డం ఏమిటి? 1955లో వచ్చిన "మిస్సమ్మ" తీసుకో. పెళ్లికాని ఇద్దరు నిరుద్యోగులు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్తారు. ఒక్క లైను. ఎవరికి కావాలో ఉంది, ఏం కావాలో ఉంది. అడ్డం బయటినుంచి రానక్కర్లేదు, ఆ అబద్ధమే అడ్డం. ప్రతి పూటా దాన్ని కాపాడుకోవాలి. ఆ లైను విన్నవాడు తర్వాత ఏం జరుగుతుందని అడక్కుండా ఉండలేడు. ఈ కాగితాల్లో సగానికి పైగా అటువంటిది లేదు. అందుకే "పాయింట్ లేదు" అని రాశాను.

రచయిత్రి: అయితే ఆ మూడింటిలో ఏది లేదో రాయండి. "మీ కథలో మనిషి కనిపించాడు, అతనికి ఏం కావాలో తెలియలేదు" అని రాస్తే అది పనికొచ్చే మాట. ఇంకొకటి. ఆ మూడు ప్రశ్నలూ మంచివే, కానీ మీరు వాటిని అడిగే తీరులో ఒక అలవాటు ఉంది. "ఎవరికి?" అన్నప్పుడు మీ మనసులో ముందే ఒక హీరో ఉంటాడు. 2023లో వచ్చిన "బలగం" లైను అరపేజీలో మీ ముందుకొచ్చిందనుకోండి. ఊళ్లో ఒక ముసలాయన చనిపోయాడు, మూడో రోజు పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు. ఏం రాసేవారు?

పెద్దాయన: నిజమే చెప్తాను. "హీరో ఎవరు? చావు ఇంట్లో సినిమా ఏమిటి?" అని రాసేవాణ్ణి.

రచయిత్రి: మీ మూడు ప్రశ్నలకీ అందులో జవాబులున్నాయి కదా?

పెద్దాయన: ఉన్నాయి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోంది. కోరిక ఉన్నది చచ్చిపోయినవాడికి. తన పిల్లలు ఒక్కటవ్వాలి. అడ్డం బతికున్నవాళ్లు. నల్లి బొక్క దగ్గర మొదలైన పంతం అన్నాచెల్లెళ్లని ఏళ్ల తరబడి విడదీసింది. కాకి వాలదు, లోపం ఎవరిదని ఊరు అడుగుతుంది. లెక్కప్రకారం అది గట్టి లైను. మనిషికి బదులు మార్కెట్టుని వినే చెవికి మాత్రం అది వినపడదు.

రచయిత్రి: నేను చెప్పదలచుకున్నది అదే. మన దగ్గరికి వచ్చింది అరపేజీ. అందులో సినిమా లేదు, సినిమాకి విత్తనం ఉందో లేదో చూడాలి. విత్తనం చూసి "నీడ ఇవ్వట్లేదు" అనకూడదు.

పెద్దాయన: అలాగని ప్రతి గింజా మొలుస్తుందని చెప్పడమూ ద్రోహమే. కాగితం మీద తప్పు దిద్దడానికి రబ్బరు చాలు. షూటింగు మొదలయ్యాక అదే తప్పుకి కూలీలు, కెమెరా అద్దె, తిండిఖర్చు అన్నీ బలి. దర్శకుడు కె.వి.రెడ్డి గారు స్క్రిప్టు పూర్తిగా తేలేదాకా షూటింగుకి వెళ్లేవారు కాదని మా పెద్దలు చెప్పేవారు. ఈ కుర్రాళ్లు సొంత డబ్బు పెట్టుకుని తీస్తారు. అందుకే ఇక్కడే కఠినంగా ఉండాలంటాను.

రచయిత్రి: కఠినంగా ఉండండి, కానీ గురి ఉండాలి. మీరు "పాత కథ" అని రాసిన కాగితం మళ్లీ చదివాను. నేత కార్మికుడి కుటుంబం, తాత నుంచి మనవడిదాకా, నలభై ఏళ్లు. ఇది నిజంగా పాత కథా?

పెద్దాయన: ఇటివ్వు... పాత కథ కాదు. కొలత తప్పింది. స్క్రిప్టులో పేజీకి సుమారు ఒక నిమిషం. 15 నిమిషాలంటే 15 పేజీలు, మహా అయితే పది సీన్లు. అందులో మూడు తరాలు పట్టవు. చదువుతుంటే ఎక్కడా నిలబడనివ్వకుండా పరుగెత్తించాడు. ఆ విసుగుని "పాత కథ" అని రాసేశాను.

రచయిత్రి: చూశారా, విసుగు నిజమే, దానికి మీరు పెట్టిన పేరు తప్పు. పేరు తప్పితే ఆ పిల్లాడు మందు కూడా తప్పు వేసుకుంటాడు. కొత్తదనం కోసమని కథలో ఒక హత్య పెడతాడు.

పెద్దాయన: ఒప్పుకున్నాను. చిన్న కథకి పెద్ద సినిమా పడుతుంది గానీ పెద్ద కథకి చిన్న సినిమా పట్టదు. 1977లో మృణాల్ సేన్ "ఒక ఊరి కథ" తీశాడు తెలుగులో. ప్రేమ్‌చంద్ రాసిన "కఫన్" కొద్ది పేజీల కథ. ఇంట్లో కోడలు పురిటి నొప్పులతో చచ్చిపోతోంది, బయట తండ్రీ కొడుకూ దుంపలు కాల్చుకు తింటున్నారు. ఆ ఒక్క రాత్రికి వెనకాల ఎంత జీవితం ఉందో తవ్వుకుంటూ పోయి పూర్తి నిడివి సినిమా చేశాడు. "మీ నలభై ఏళ్లలో మీకు నిద్రపట్టనివ్వని రోజు ఏది?" అని ఇతన్ని అడగాలి. రాయి.

రచయిత్రి: రాశాను. ఇది చూడండి. పోస్ట్‌మ్యాన్ కథ. పది లైన్లు బాగా నడిపించి, "ఆ ఉత్తరంలో ఏముందనేది ఊహించని మలుపు, తెరపై చూడాల్సిందే" అని ఆపేశాడు.

పెద్దాయన: ఈ జబ్బు ఇప్పటిది కాదు. కథ చెప్పేవాడు మనల్ని ప్రేక్షకుడనుకుంటాడు. మనం ప్రేక్షకులం కాదు, ఇల్లు కట్టేముందు పునాది చూడ్డానికి వచ్చిన మేస్త్రీలం. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం" ముగింపు దాచి లైను చెప్పి చూడు. బడిలో ఒక ప్రేమ, కుర్రతనంలో ఒకటి, మధ్యవయసులో ఒకటి, యాభయ్యో పడికి దగ్గర్లో ఒకటి. నాలుగు విడి విడి ప్రేమకథలు. విన్నవాడు "బాగానే ఉంది" అని ఊరుకుంటాడు. ఆ నలుగురూ ఒక్కడే, ఒక్కడి జీవితంలో నాలుగు వయసులు అని చెప్పు. అప్పుడు మొదటి మూడు కథల్లోని ఓటమికి అర్థం మారిపోతుంది. ముగింపు చెప్పకపోతే ఆ కథ గురించి ఏమీ చెప్పనట్టే. ఇతనికి ఒకే వాక్యం రాయి: "ఉత్తరంలో ఏముందో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం."

రచయిత్రి: దీనిలో మనిద్దరికీ తేడా లేదు. అసలు తేడా వచ్చేది ఈ పడవ కథ దగ్గర. మీరు దీనికి పేజీన్నర రాశారు.

పెద్దాయన: అది నాకు నచ్చింది కాబట్టి! కోనసీమలో ఒక లంక. రేవులో పడవ నడిపే తండ్రి. వంతెన కట్టేశారు, రేపు ప్రారంభం. నేను దానికి రూపం ఇచ్చాను. గోదావరికి వరదొస్తుంది, వంతెన మీద రాకపోకలు ఆపేస్తారు, తండ్రి పడవేసుకుని ఊరిని కాపాడతాడు. ముగింపు అదిరిపోతుంది.

రచయిత్రి: అది మీ కథ.

పెద్దాయన: అయితే ఏం? కథా చర్చలంటే అంతేగా. గదిలో ఆరుగురు కూర్చుంటారు, తలా ఒకటి వేస్తారు. మన సినిమాలు అలాగే తయారయ్యాయి. "ఇది బాగోలేదు" అని ఊరుకునేవాడి కంటే "ఇలా చేస్తే బాగుంటుంది" అనేవాడు మేలు కదా?

రచయిత్రి: గదిలో ఆరుగురు కూర్చున్నప్పుడు కథ ఇంకా ముద్దలా ఉంటుంది, అందరి చేతులూ దాని మీద ఉంటాయి, అందరూ రేపు కూడా వస్తారు. ఇక్కడ ఒక అబ్బాయి ఒంటరిగా కూర్చుని రాసి పంపాడు. మీ పేరు చూడగానే కళ్లకద్దుకుంటాడు. మీరు వరద తెమ్మంటే తెస్తాడు. అతను ఎందుకు ఈ కథ మొదలుపెట్టాడో అది ఆ వరదలో కొట్టుకుపోతుంది. ఒక పని చేయండి బాబాయ్. కాగితం బోర్లించండి. మీ ఆలోచనలేవీ కలపకుండా, అతను రాసిన కథ నాకు చెప్పండి.

పెద్దాయన: ఇదేం పరీక్ష?

రచయిత్రి: చెప్పండి, తర్వాత తిడుదురు గాని.

పెద్దాయన: సరే. ఒక లంక గ్రామం. అక్కడో ఆడపిల్ల ఉంది. వాళ్ల నాన్న పడవ నడుపుతాడు. ఊరికి వంతెన కావాలని కలెక్టరుకి అర్జీ రాసింది ఆ పిల్లే. వంతెన వచ్చింది. రేపటినుంచి నాన్న పడవ ఎవరూ ఎక్కరు. ఆ రాత్రి నాన్న పడవకి తారు పూస్తూ కూర్చున్నాడు... ఇంకా ఏదో ఉంది, మంత్రిగారు రావడం, డప్పులు. అది అంతగా గుర్తులేదు.

రచయిత్రి: ఇప్పుడు కాగితం తిప్పి చూడండి. పద్నాలుగు లైన్లు. పదకొండు లైన్లు తండ్రి గురించి, పాత రోజుల గురించి, ప్రారంభోత్సవం గురించి. కూతురు తొమ్మిదో లైనులో ఒక్కసారి వస్తుంది. "వంతెన కావాలని అర్జీ రాసింది అతని కూతురే." అంతే. మీరేమో కూతురితో మొదలుపెట్టారు.

పెద్దాయన: అవును... నాకు తెలియకుండానే.

రచయిత్రి: అతను చెప్పింది ఒక కథ, మీరు విన్నది ఇంకో కథ. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరమే మనం అతనికి ఇవ్వగలిగిన అభిప్రాయం. మీ వరద కన్నా అది విలువైనది. ఎందుకంటే ఆ అర్జీ లైను అతనే రాశాడు, దాని బరువు అతనికే తెలియలేదు. నేను మళ్లీ కథలు రాయడం మొదలుపెట్టింది కూడా ఇలాగే. ఆ శిబిరం అయిన నాలుగేళ్లకి మా కాలేజీ లైబ్రేరియన్ ఒకావిడ నా పాత కథ చదివి, ఏమీ అనకుండా దాన్ని నాకు తిరిగి చెప్పింది. నేను ప్రాణం పెట్టి రాసిన రెండు పేజీలు ఆవిడ చెప్పిన కథలో లేనే లేవు. ఎక్కడ జారిపోయిందో అప్పుడు తెలిసింది. సిగ్గు వేయలేదు, ఇంటికెళ్లి రాసుకోవాలనిపించింది.

పెద్దాయన: బాగుంది. కానీ తిరిగి చెప్పి ఊరుకుంటే చాలదు. నేనైతే ఇది కూడా రాస్తాను: "కూతుర్ని ప్రధాన పాత్ర చెయ్యండి."

రచయిత్రి: అది ఆజ్ఞ. "ఆ అర్జీ సంగతి తండ్రికి తెలుసా?" అని అడిగితే?

పెద్దాయన: అది కూడా ఆజ్ఞేనమ్మా, ముసుగు వేసుకుంది అంతే. "కూతుర్ని ముందుకి తీసుకురా" అనే నీ కోరికని ప్రశ్నలో చుట్టి పంపుతున్నావు. మర్యాదగా అడిగినంత మాత్రాన ప్రశ్న అయిపోదు. ఆ కుర్రాడు నీ మనసులో ఉన్న జవాబు వెతుక్కుంటూ కూర్చుంటాడు.

రచయిత్రి: ఈ మాట నాకు తగలాల్సిందే. నేను చాలాసార్లు అలా చేశాను. అయితే దీనికి జవాబు నిజంగా నాకు తెలియదు బాబాయ్. తండ్రికి తెలిసి ఉంటే అది ఒక కథ. కూతురు చదువు కోసం తన పడవని తనే వదులుకుంటున్నాడు. తెలియకపోతే ఇంకో కథ. ఆ రాత్రి ఆ పిల్ల తారు డబ్బా పట్టుకుని నాన్న పక్కన కూర్చుంటుంది, చెప్పాలా వద్దా అని. అతను ఏది ఎంచుకుంటాడో నాకు తెలియదు. నాకు జవాబు తెలియనప్పుడే అది ప్రశ్న.

పెద్దాయన: అయితే ఆ గీత గీసుకుందాం. జవాబు తెలిసిన ప్రశ్నలు అడగొద్దు. జవాబు తెలిస్తే, అది మన అభిప్రాయమని పైకే చెప్పేద్దాం. ఇంకో మాట. జపాన్ సినిమా "రషోమోన్" సంగతి తెలుసుగా? అకుతగావా కథ ఒకదాన్ని హషిమోతో షినోబు అనే కొత్త రచయిత స్క్రిప్టుగా రాస్తే, అది దర్శకుడు కురొసావా చేతికొచ్చింది. సినిమాకి చాలదు, చిన్నదైంది అన్నాడాయన. లోటు చెప్పాడు. అంతటితో వదిలెయ్యలేదు, తనూ కూర్చుని రాశాడు. అదే అకుతగావా రాసిన ఇంకో కథ నుంచి శిథిలమైన ఆ నగరద్వారం వచ్చి చేరింది. 1950లో సినిమా వచ్చింది, మరుసటేడు వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. నాకు ఇప్పుడు తోస్తున్నది ఏమిటంటే, పక్కన కూర్చుని రాసేవాడికి పరిష్కారం చెప్పే హక్కు ఉంది. నాలుగు వాక్యాలు రాసి పంపేసి తన దారిన తాను పోయేవాడికి లేదు. నా వరద నేను కొట్టేస్తున్నాను.

రచయిత్రి: మీరు ఇంత తేలిగ్గా వదులుకుంటారనుకోలేదు.

పెద్దాయన: తేలిగ్గా ఏం కాదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మన కాపీరైట్ చట్టం ఆలోచనకి రక్షణ ఇవ్వదు, దానికి రచయిత ఇచ్చిన రూపానికే ఇస్తుంది. 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. "న్యూఢిల్లీ" అనే హిందీ సినిమా తన "హమ్ హిందుస్తానీ" నాటకమేనని ఆయన కోర్టుకెక్కి ఓడిపోయాడు. అరపేజీ లైనులో ఎక్కువ భాగం ఆలోచనే ఉంటుంది. అంటే ఈ 41 మందీ చట్టం కాపలా లేని సొమ్ము తెచ్చి మన చేతిలో పెట్టారు. ఆ పడవ కథలో నా వరద కలిపాననుకో, రేపు అది నాదని నాకే అనిపించడం మొదలవుతుంది. ఈ ఊళ్లో కథలు అలా చేతులు మారడం నేను చూశాను. దొంగతనం చేద్దామని ఎవరూ మొదలుపెట్టరు, సలహాతోనే మొదలుపెడతారు.

రచయిత్రి: అందుకే తిరిగి చెప్పడం అంటున్నాను. వాళ్ల సొమ్ము లెక్కపెట్టి, ఇదిగో నీది, ఇంతుంది, ఇక్కడ ఒకటి తగ్గింది అని వాళ్ల చేతిలోనే పెట్టడం.

పెద్దాయన: బాగా చెప్పావు. పడవ కథకి ఇలా రాయి. "మీ కథ నాకు ఇలా వినపడింది" అని మూడు ముక్కల్లో కథ, కూతురితో మొదలుపెట్టి. తర్వాత, "మీ కాగితంలో ఆమెకి ఒక్క లైనే ఉంది, నాకు మాత్రం ఆమే గుర్తుంది." చివర్న ఆ ప్రశ్న. సంతకం ఇద్దరిదీ పెట్టు. సరే, ఇప్పుడు నీ సంగతి. ఆ నాలుగో కాగితం మీద మధ్యాహ్నం నుంచి చెయ్యి తియ్యడం లేదు. ఏముంది అందులో?

రచయిత్రి: సంక్రాంతికి ఊరొచ్చిన కొడుకు. అమ్మ పోయాక ఖాళీ అయిన ఇల్లు. వాకిట్లో గట్టుమీద ముగ్గు గిన్నె, అందులో గడ్డకట్టిన పిండి. ఎంత బాగా రాశాడో!

పెద్దాయన: ఏది, తిరిగి చెప్పు.

రచయిత్రి: కొడుకు వస్తాడు. తలుపు తీస్తాడు. గిన్నె చూస్తాడు. కూర్చుంటాడు. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతాడు.

పెద్దాయన: ఊఁ?

రచయిత్రి: అంతే. ఏమీ జరగలేదు. చదువుతున్నంతసేపూ అతని వాక్యాలు నన్ను పట్టుకున్నాయి. తిరిగి చెప్పబోతే చేతిలో ఏమీ మిగల్లేదు. ఇది నాకు మూడింటికే తెలుసు బాబాయ్. తీసుకోవడం లేదని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పెద్దాయన: అదే మొహమాటం. నాకు కాఫీ తెప్పించినాయనకీ చెయ్యి రాలేదు. ఇందాక నా నోటితోనే పడవ కథ చెప్పించి కళ్లు తెరిపించావు. ఇప్పుడు నువ్వు నీ చేత్తో ఇది రాయి. నిజం రాయి, మొదటి వాక్యంలోనే రాయి.

(ఆమె చాలాసేపు రాసింది. రెండుసార్లు కొట్టేసి, మూడోసారి కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన పైకే చదివాడు.)

"మేం ఎంచిన ఆరింటిలో మీ కథ లేదు. మీరు రాసిన ఇల్లు నాకు కళ్లకు కట్టింది, ముగ్గు గిన్నె దగ్గర ఆగిపోయాను. కానీ కొడుకు ఆ ఇంటికి రాకముందుకీ వెళ్లిపోయిన తర్వాతకీ మధ్య ఏం మారిందో నాకు వినపడలేదు. ఈ కథని మీరు ఏం చేసుకోవాలన్నా ఇవాళే చేసుకోండి, మా దగ్గర్నుంచి కబురు కోసం ఎదురుచూడకండి."

రచయిత్రి: ఆఖరి మాట మరీ కరుకుగా ఉందా?

పెద్దాయన: ఉండనీ. టి.నగర్‌లో ఆ రోజు ఆ ఒక్క మాట నాకెవరైనా చెప్పి ఉంటే, అమ్మ దగ్గర ఇంకొన్నాళ్లు ఉండేవాణ్ణి.